మట్టిలో కూర్చోడానికి పిల్లల్ని పంపండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు మన దగ్గరి ఔత్సాహిక పురావస్తు సంఘంలో వాలంటీర్లుగా పనిచేయొచ్చని పోయిన వారం చీటీ పంపాం కదా, అప్పటినుంచి చాలామంది ఫోన్ చేస్తున్నారు. పిల్లలకు ప్రమాదం ఏమీ లేదు కదా అని కొందరు, చదువుకు దీనివల్ల ఏం ఒరుగుతుందని కొందరు, లంకెబిందెల్లాంటివి దొరుకుతాయా అని ఒకరిద్దరు. లంకెబిందెలు దొరకవండి. దొరికేవి కుండ పెంకులు, ఎముక ముక్కలు, బొగ్గు, మిగతాదంతా ఉత్త మట్టి. ఆ ఉత్త మట్టిని చూడటం నేర్చుకోడానికే పంపమంటున్నాను.

సంఘంలో ఉన్నది వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, రిటైరైనవాళ్లు. సెలవు రోజుల్లో, అనుమతి ఉన్న స్థలంలో, నిపుణుల పర్యవేక్షణలో పనిచేస్తారు. వృత్తి కాదు కదా అని తక్కువగా చూడొద్దు. 1939లో ఇంగ్లండ్‌లోని సటన్ హూ దగ్గర మట్టిదిబ్బ కింద పాతకాలపు ఓడను వెలికితీసిన బేసిల్ బ్రౌన్ 12 ఏళ్లకే బడి మానేసి, తర్వాత సొంతంగా చదువుకున్న మనిషి. ఓడ చెక్క ఎప్పుడో కుళ్లిపోయింది, మట్టిలో దాని ముద్రా, చెక్కల్ని బిగించిన మేకుల్లాంటి ఇనుప రివెట్లు వరసగానూ మాత్రమే మిగిలాయి. వాటిని పెరికేయకుండా ఉన్నచోటే ఉంచి చుట్టూ మట్టి తీసుకుంటూ వెళ్లాడు కాబట్టే దాదాపు 27 మీటర్ల ఓడ ఆకారం చెడిపోకుండా కళ్లముందుకొచ్చింది.

పిల్లలు అక్కడ నేర్చుకోవాల్సింది సరిగ్గా ఇదే. వస్తువు కన్నా అది ఉన్న చోటు ముఖ్యం. పెంకును తీసి జేబులో వేసుకుంటే అది చెప్పగలిగిన దాంట్లో చాలా భాగం అప్పుడే పోయినట్టు, ఎందుకంటే ఏ పొరలో ఉంది, ఎంత లోతులో ఉంది, పక్కన ఏముంది అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. కింది పొర పై పొర కన్నా పాతది అన్నది మామూలు లెక్క, కానీ మధ్యలో ఒక్క ఎలుక బొరియ ఉన్నా పైది కిందికి జారిపోతుంది, అందుకని మట్టి రంగు మారిన ప్రతిచోటా తాపీ పక్కన పెట్టి చూస్తారు. గుండ్రటి నల్లటి మరక కనబడితే అక్కడ ఒకప్పుడు గుంజ పాతి ఉండొచ్చు, అలాంటివి వరసలో కనబడితే ఇల్లో పాకో అయ్యుండొచ్చు. ల్యాబ్‌లో ప్రయోగం చెడితే మళ్లీ చేయొచ్చు. తవ్వేసిన మట్టిని మళ్లీ తవ్వలేం. కొలతలు, బొమ్మలు గీయడం, ఫొటోలు, నోట్సు, వీటికే బోలెడు సమయం పడుతుంది.

మొదట్లో పిల్లల చేతికి తాపీ ఇవ్వరు. జల్లెడ పట్టిస్తారు, పెంకులు కడిగిస్తారు. మెత్తటి టూత్‌బ్రష్‌తో కడిగి నీడలో ఆరబెట్టాలి, ఏ సంచిలోవి ఆ సంచి చీటీతోనే ఉండాలి, ఇనుమును నీళ్లలో పెట్టకూడదు, బొగ్గును చేత్తో ముట్టుకోకూడదు. ఆ బొగ్గు, అది ఎంత పాతదో తేల్చే కార్బన్-14 పరీక్షకు వెళ్లొచ్చు. అందులోని కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగం అవుతుందనే ఆ లెక్క మన తొమ్మిదో తరగతి పిల్లలు హాయిగా చేయగలరు. కుండ అంచు ముక్క వంపును బట్టి మూతి వెడల్పు ఎంతో చెప్పొచ్చు, వృత్తం పాఠం చెప్పేటప్పుడు అలాంటి ముక్క ఒకటి చేతిలో ఉంటే ఎంత బాగుంటుందో నాకు తెలుసు.

పోయిన ఏడాది వెళ్లిన కొద్దిమందిలో ఒక అమ్మాయి, వేర్వేరు సంచుల్లో ఉన్న రెండు ముక్కలు ఒకే కుండవని పట్టుకుంది. వాటిని ఒకే ట్రేలో కలిపేయలేదు, ఎక్కడివక్కడే ఉంచి వెళ్లి పెద్దవాళ్లకు చెప్పింది. కనిపెట్టినందుకు సంతోషించాను, కలపకుండా ఆగినందుకు అంతకంటే ఎక్కువ సంతోషించాను.

ప్రమాదం సంగతి. లోతైన గుంటల్లోకి పిల్లల్ని దించరు, గుంట అంచున నిలబడనివ్వరు, మన టీచర్లు ఇద్దరు పక్కనే ఉంటారు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చూసుకోండి. టోపీ, మూసి ఉండే బూట్లు, మంచినీళ్లు ఇచ్చి పంపండి. దీనికి మార్కులు లేవు, మా అబ్బాయి వెనకబడతాడేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. మీరూ రావచ్చు, పెంకులు కడిగే చేతులు ఎన్ని ఉన్నా చాలవు.

అనుమతి పత్రం మీద సంతకం చేసి క్లాస్ టీచర్‌కి పంపండి. ఇంకో మాట, పిల్లలు ఎక్కడినుంచో ఏరి తెచ్చిన పాత పెంకులో నాణేలో ఇంట్లో ఉంటే తిట్టొద్దు, కడగొద్దు, రుద్దొద్దు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో గుర్తున్నంత వరకు పిల్లల చేతే ఒక చీటీ మీద రాయించి, దాంతోపాటే నా దగ్గరికి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు