నెల తర్వాత ఏం గుర్తుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో ఈ ఏడాది బెస్ట్ సినిమాలు అని లిస్టు వేశారు కదండీ. దాని మీద గొడవ పెట్టుకోడానికి కాదు ఈ ఉత్తరం, లిస్టు బాగానే ఉంది. కాకపోతే రిలీజ్ రోజు మీరే ఇచ్చిన స్టార్లు మళ్లీ తెచ్చి వరసలో పేర్చినట్టుంది. శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చిన మూడుంపావు డిసెంబర్ దాకా మూడుంపావుగానే ఉంటుందా అన్నది నా డౌటు.

ఎందుకంటే 2024 జనవరి నుంచి నేనొక పిచ్చి పని పెట్టుకున్నా. చూసిన ప్రతి సినిమాకీ నోట్‌బుక్‌లో రెండు గడులు. మొదటి గడిలో చూసిన రాత్రే పదికి ఎన్ని మార్కులో, ఎందుకో. రెండో గడిలో సరిగ్గా నెల తర్వాత, మొదటి గడి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏం గుర్తొస్తే అది. ఒక్క లైను చాలు. కొత్తవీ పాతవీ, మనవీ పరాయి భాషలవీ అన్నీ కలిపి 47 చూశా. అందులో 19 సినిమాలకి రెండో గడి ఖాళీ. అసలేమీ రాలేదు, పెన్ను పట్టుకుని కూర్చుని లేచిపోయా. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే ఆ 19లో ఆరింటికి చూసిన రాత్రి ఎనిమిదీ తొమ్మిదీ వేసి ఉన్నా.

ఆ ఆరింట్లో ఒకటి పెద్ద హీరో సినిమా, పేరు చెప్పను, ఫ్యాన్స్ నన్ను బతకనివ్వరు. ఆ రాత్రి తొమ్మిది వేసి పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టా. నెల తర్వాత ఆలోచిస్తే ఇంటర్వెల్‌కి ముందు ఏదో పేలిందని తప్ప ఏం పేలిందో, ఎవరు పేల్చారో, పాపం ఎందుకు పేల్చారో ఒక్క ముక్క రాలేదు. చెవుల్లో మోత మాత్రం అలాగే ఉంది.

దీనికి పూర్తి రివర్స్ సత్యం సుందరం, తమిళం నుంచి డబ్ అయి వచ్చిన సినిమా. చూసిన రాత్రి ఆరు వేశా, "బాగా సాగదీశారు" అని రాశా కూడా. తమిళంలో రిలీజయ్యాక కొంత కత్తిరించారని విని నేనన్నదే కరెక్టు అనుకుని మురిసిపోయా. కానీ నెల తిరిగేసరికి రెండో గడిలో ఒక్క లైను చాలక పేజీ పక్కన మార్జిన్‌లో కూడా రాసుకుంటూ పోయా. ఎప్పుడో ఊరొదిలి వెళ్లిపోయిన అన్న చెల్లెలి పెళ్లికి వస్తాడు, స్టేజీ మీదే ఆ పిల్ల గిఫ్టు విప్పుతుంది, అరవింద్ స్వామి అలా కింద కూర్చుని ఆమె కాళ్లకి పట్టీలు పెడతాడు. అంతే సీను. వెనక జనం, లైట్లు, ఫొటోగ్రాఫర్ హడావిడి అంతా ఉంటుంది, ఈ ఇద్దరికీ అదేం పట్టదు. ఇంకోటి, తనకోసం అంత ప్రేమగా తిరుగుతున్న కార్తి పేరేంటో అరవింద్ స్వామికి గుర్తుండదు, అడగడానికి మొహం చెల్లదు, సినిమా అంతా ఆ ఇబ్బందితోనే నడుస్తుంది. అది నాకు చాలాసార్లు జరిగింది కాబట్టి నవ్వుకున్నా, తర్వాత నవ్వు రాలేదు. సాగదీశారు అని రాసిన చేత్తోనే ఇవన్నీ రాసుకున్నా, ఏం చేస్తాం. ఆ మనిషికి మనసు కరగడానికి అంత టైం పడుతుంది మరి, నాకూ నెల పట్టింది.

టోక్యో స్టోరీ సంగతి చెప్తే మీరు నవ్వుతారు. 1953 నాటి జపాన్ సినిమా, ఓజు తీసింది. మొదటిసారి ఫోన్‌లో పెట్టి ఒకటిన్నర స్పీడులో చూశా, మధ్యలో మెసేజీలు, ఒక కాల్ కూడా. నలభై నిమిషాలకి ఆపేసి "ముసలివాళ్లు కూర్చుంటారు, లేస్తారు" అని రాసి నాలుగు మార్కులు వేశా. అది రివ్యూ అయితే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. మూడు నెలల తర్వాత ఒక సెలవు రోజు ఫోన్ వేరే గదిలో పడేసి మళ్లీ మొదట్నుంచి పెట్టా. పిల్లల్ని చూడ్డానికి టోక్యో బయల్దేరే ముందు ఆ ముసలాళ్లిద్దరూ బ్యాగులు సర్దుతూ ఉంటే గాలి దిండు మీ దగ్గరుందా అంటుంది ఆవిడ, నీకే ఇచ్చాను కదా అంటాడు ముసలాయన, నా దగ్గర లేదంటుంది, కాసేపటికి ఆయన దగ్గరే దొరుకుతుంది, ఆ దొరికింది అంటాడు. సినిమా మొదలే ఇది. ఒకటిన్నర స్పీడులో నేను దీన్ని దాటుకుని వెళ్లిపోయా చూడండి. తర్వాత కొడుకు డాక్టరు, కూతురు బ్యూటీ పార్లరు, ఇద్దరికీ టైం ఉండదు, ఎవరూ చెడ్డవాళ్లు కాదు, నిజంగానే ఖాళీ ఉండదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య, కోడలు, ఆమే ఆఫీసుకి సెలవు పెట్టి ఊరు చూపిస్తుంది. ఆ ముసలావిడ పోయాక ఇంకా ఏడుపులు ఆరకముందే కూతురు అమ్మ బట్టల్లో తనకేది కావాలో అడుగుతుంది, ఆ సీనుకి నాకు కోపం కంటే భయం వేసింది, నేనూ అలాగే అడుగుతానేమో అని. ఇంకో మాట, ఆ ముసలాయన వేషం వేసిన చిషు ర్యూకి అప్పటికి 49 ఏళ్లేనట. నడుం వంచి, చిన్నగా ఊఁ ఊఁ అంటూ డెబ్బై ఏళ్ల మనిషిని నిలబెట్టాడు. ఈసారి మొదటి గడి ఖాళీగా వదిలేశా, మార్కులు వెయ్యబుద్ధి కాలేదు.

1957లో వచ్చిన రెండు సినిమాలు అనుకోకుండా ఒకే వారంలో చూడ్డం జరిగింది. ఒకటి మన మాయాబజార్, ఇంకోటి 12 యాంగ్రీ మెన్, ఒక హత్య కేసులో తీర్పు తేల్చడానికి కూర్చున్న పన్నెండు మంది జూరీ కథ. రెంటికీ పోలికే లేదు, ఒకదాంట్లో ఊరంతా మాయ, ఇంకోదాంట్లో ఒక్క గది. మాయాబజార్ నాకు కంఠతా వచ్చు అనుకునేవాణ్ణి, అయినా ఇన్నేళ్లలో పాండవులు ఒక్క సీనులో కూడా కనబడరని గమనించలేదంటే నమ్ముతారా? భారతం కథ, పాండవులు లేరు, ఎవరికీ లోటు అనిపించదు! సావిత్రి మాయాశశిరేఖగా ఘటోత్కచుడి నడక నడిచి, ఎవరైనా చూస్తే ఠక్కున ఆడపిల్ల అయిపోయే చోట ఈసారి వెనక్కి తిప్పి తిప్పి చూశా, భుజాలతో చేసిందండీ అదంతా, మొహం తర్వాత మారుతుంది, ముందు భుజాలు మారతాయి. ఇక ఆ పన్నెండు మంది సినిమాలో ఫ్యాన్ తిరగదు, ఎండకి చొక్కాలు తడిసిపోతుంటాయి, సగం దాటాక వాన పడి చీకటైతే లైటు వేస్తారు, అప్పుడు ఫ్యాన్ తిరుగుతుంది, రెండూ ఒకే స్విచ్‌కి ఉన్నాయన్నమాట. నెల తర్వాత నాకు వాదనలన్నీ పోయి ఫ్యాన్ మిగిలింది. డైరెక్టర్ సిడ్నీ లుమెట్ మొదట్లో కెమెరా కళ్లకంటే పైన పెట్టి, పోను పోను కిందకి దించాడని తర్వాత చదివా, అందుకే చివరికొచ్చేసరికి సీలింగ్ కనబడి గది నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. చూస్తున్నప్పుడు ఏం తెలీదు, ఊపిరి ఆడకపోవడం మాత్రం తెలుస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. 35 చిన్న కథ కాదు, రెండో గడిలో "సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది" అన్న ఆ పిల్లాడి ప్రశ్న. నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. పథేర్ పాంచాలీ అనే బెంగాలీ సినిమా, అక్క దొంగతనంగా దాచిన పూసల దండ తమ్ముడు అపూకి దొరికితే చెరువులోకి విసిరేస్తాడు, నాచు పక్కకి జరిగి మెల్లగా మూసుకుంటుంది. పర్ఫెక్ట్ డేస్, అందులో హీరో రోజూ చెట్లని ఫొటో తీస్తాడు, ప్రింట్లు వచ్చాక నచ్చనివి చింపేసి నచ్చినవి డబ్బాల్లో దాస్తాడు. నా నోట్‌బుక్ అలవాటుకి అక్కడ కొంచెం ధైర్యం దొరికింది, పిచ్చి నాకొక్కడికే కాదని.

ఇప్పుడు నేను అడిగేది ఏంటంటే, రిలీజ్ రోజు రివ్యూ మానెయ్యమని కాదు, శుక్రవారం సాయంత్రం టికెట్ తీసుకునేవాడికి అది కావాలి. కానీ నెలకోసారి, చిన్న బాక్సే అయినా, అదే రివ్యూయర్‌తో "నెల కిందట నేను చూసిన సినిమా" అని రాయించండి. ఏం గుర్తుంది, ఏం గుర్తులేదు, అప్పుడిచ్చిన స్టార్లు ఇప్పుడు కూడా ఇస్తారా. తప్పయితే తప్పని ఒప్పుకుంటే పరువేం పోదు. శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న వచ్చినప్పుడు మొదట్లో థియేటర్లు ఖాళీనే కదా, జనం ఒకరికొకరు చెప్పుకుని చెప్పుకుని నిండాయి. ఆ మొదటి రోజు లెక్కే చివరి లెక్క అయ్యుంటే మనకి ఏం మిగిలేది.

ఇంకో చిన్న కోరిక, రివ్యూ చివర "కెమెరా ఓకే, ఎడిటింగ్ ఇంకా బాగుండాల్సింది" అని ఒక్క లైనులో తోసెయ్యకండి. నాకు రెండో గడిలో మిగిలినవాటిలో సగం ఆ కెమెరా, ఎడిటింగ్ వాళ్లవే. మాయాబజార్‌లో ఆ వెన్నెల కెమెరామన్ మార్కస్ బార్ట్లీది అని నాకు ఇన్నేళ్లకి తెలిసింది, ముందే మీరెవరైనా చెప్పుంటే ముందే ఆగి చూసేవాణ్ణి.

ఉత్తరం పొడుగైంది, ఎక్కడ కట్ చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఫ్యాన్ ముక్క మాత్రం ఉంచండి. కిందటి నెల చూసిన రెండు సినిమాలకి రెండో గడి నింపాల్సిన రోజు ఎల్లుండి. ఒకదానికి ఏడు వేశానని గుర్తుంది, ఏ సినిమాకో గుర్తు రావట్లేదు.

ఇట్లు,
మీ పేపర్ చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టే ఒక పాఠకుడు