ఉగాది నుంచి ఉగాది దాకా: మన సైకిల్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాదికి ఉగాదికి లెక్క అప్పజెప్పడం మన సంఘంలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఒక్క సైకిల్ గురించే రాస్తున్నాను. మిగతా పనులు జరగక కాదు. ఆ ఒక్క సైకిల్ దగ్గర మనం నేర్చుకున్నదీ ఎక్కువే, పడ్డ పొరపాటూ పెద్దదే. రెండూ సభ్యులకు తెలియాలి.

ముందు మిగతావి చెప్పేస్తాను. ఆదివారం పొద్దున షెడ్డులో రిపేరు పని వానాకాలంలో రెండు వారాలు తప్ప ఆగలేదు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2018లో మొదలుపెట్టిన రోజు అది. ఆ రోజు మన దగ్గర్లోని సర్కారు బడి పిల్లల సైకిళ్లకు ఉచితంగా బ్రేకులు, చైన్లు సరిచేశాం. చాలా సైకిళ్లకు అసలు బ్రేకులే పడటం లేదు. పిల్లలు కాళ్లు నేలకానించి ఆపుకుంటున్నారు. ఇది ఏడాదికోసారి చేసే పని కాదని ఆ రోజే అనుకున్నాం. ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాం. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీదికి మూడుసార్లు వెళ్లాం. ట్రాక్ హాయిగా ఉంది. కానీ మనవైపు నుంచి అక్కడిదాకా తొక్కుకుంటూ పోవడమే టెన్షన్. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే ధైర్యం ఇంకా చేయలేదు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచారు.

ఇక ఆ సైకిల్ సంగతి.

సనత్‌నగర్‌లో ఉండే ఒక అమ్మగారు దసరా ఇల్లు సర్దుడులో అటక మీది నుంచి ఫ్రేము ఒకటి దింపించి మనకు ఇచ్చారు. వాళ్లాయన ఆల్విన్ ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీకి దాని మీదే వెళ్లేవారట. ఆయన కూడా పాతదే కొన్నారు. ముందు భాగంలో ఇత్తడి బిళ్ల, దాని మీద కొంగ తల, కింద నాటింగ్‌హామ్ అన్న అక్షరాలు. అంటే ఇంగ్లండులో తయారైన అసలు ర్యాలీ కంపెనీ సైకిల్. ఫ్రేముతో పాటు హ్యాండిలు, మూడు కొంగ తలలున్న చైన్ వీల్, ఎడమ క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) మిగిలాయి. ముందు ఫోర్కు, అదే మన షాపుల్లో చిమ్టా అనేది, వంగిపోయి ఉంది. చక్రాలు లేవు. సీటు లేదు.

నడిచే సైకిలుగా చేసి ఇవ్వండి, మా మనవరాలు కాలేజీకి తొక్కుతుందట అని అమ్మగారు అడిగారు. గోడకు తగిలించే బొమ్మ చేయమని అడగలేదు. ఈ ఒక్క మాటే మన పనికి దారి చూపింది.

దారి చూపినా మొదటి అడుగు తప్పు వేశాం. ఫ్రేము తుప్పు చూసి పౌడర్ కోటింగుకు ఇద్దామని కమిటీ అనుకుంది, నేనూ సరే అన్నాను. ఇసుక కొట్టి, నల్లగా మెరిసేలా చేసి పంపారు. చూడ్డానికి కొత్త పెళ్లికొడుకులా ఉంది. కానీ క్రాంకులు తిరిగే చోట, బాల్స్ కూర్చునే కప్పులు బిగించే చూడీల (థ్రెడ్ల) నిండా రంగు పేరుకుపోయింది. పాత రంగు కింద సన్నగా మిగిలిన బంగారు గీతలు పోయాయి. చూడీలు మూయాలని, గీతలు వదలాలని ఆ షాపువాళ్లకు మనం చెప్పాలి. చెప్పలేదు. బిళ్లను ముందే ఊడదీయడం ఒక్కటే మేం చేసిన మంచి పని.

చూడీల దగ్గరే రెండు నెలలు గడిచాయి. మామూలు సైకిళ్లలో ఈ కప్పుకు అంగుళానికి 24 చూడీలు. నాటింగ్‌హామ్ ర్యాలీకి 26. కంటికి తేడా తెలియదు. మన కుర్రాడొకడు కొత్త కప్పు తెచ్చి తిప్పితే రెండు చుట్లు చక్కగా వెళ్లింది, మూడో చుట్టుకు పట్టేసింది. ఇంకొంచెం బలం పెట్టబోతుంటే చాచా చెయ్యి పట్టుకున్నారు. ఎర్రగడ్డ రైతుబజారు వైపు నలభై ఏళ్లు షాపు నడిపి, ఇప్పుడు ఆదివారాలు మన షెడ్డుకు వస్తున్న పెద్దాయన. "బేటా, జబర్దస్తీ చేస్తే పోయేది కప్పు కాదు, ఫ్రేము" అన్నారు.

26 చూడీలు కోసే పనిముట్టు, అదే ట్యాప్, దాని కోసం రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగాం. దొరకలేదు. అప్పుడు చాచా ఆ ఫ్రేములోంచే తీసిన పాత కప్పును వైస్‌లో బిగించి, దాని చూడీల మీద అడ్డంగా మూడు చోట్ల ఆకురాయితో గాడులు తీశారు. గాడి అంచులు కత్తిలా వచ్చాయి. కిరోసిన్ పోసి, పావు చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కి తిప్పుతుంటే గాడుల్లోంచి నల్లటి పొడి రాలుతూ వచ్చింది. చైన్ ఉండే కుడిపక్క కప్పుకు చూడీలు ఎడమ చుట్టు ఉంటాయి, అక్కడ తిప్పుడు అంతా తలకిందులు. కప్పులు రెండూ లోపలికి దిగేసరికి సాయంత్రమైంది. ఒక్కో వైపు పావు అంగుళం బాల్స్ పదకొండు పెట్టి, గ్రీజు దట్టించి, యాక్సిల్ తిప్పితే చప్పుడు లేదు. షెడ్డులో ఉన్నవాళ్లం అందరం వరసపెట్టి ఒక్కొక్కసారి తిప్పి చూశాం.

చిమ్టా జుమేరాత్ బజార్లో ఒక గురువారం దొరికింది. హెర్క్యులిస్ వాళ్లది. దానికీ అదే చూడీల గొడవ, ర్యాలీ చిమ్టాకు 26, దీనికి 24. చిమ్టాతో పాటే దాని పై కప్పు, లాక్ నట్టు కూడా అడిగి తెచ్చుకున్నాం కాబట్టి బతికిపోయాం. పాత సామాను కొనేటప్పుడు ఒకదానికొకటి బిగిసి ఉన్నవాటిని విడదీయించకుండా కొనండి. సభ్యులు ఇది గుర్తు పెట్టుకోవాలి. కప్పు ఫ్రేములో కాస్త వదులైంది. కూల్‌డ్రింక్ టిన్ను కోసి సన్నటి పట్టీ చేసి చుట్టూ వేస్తే గట్టిగా కూర్చుంది.

వెనక చక్రం నడుమ ఉండే హబ్బు కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు కుప్పలో మట్టిముద్దలా ఉన్నదాన్ని మన సభ్యుడు ఒకరు బరువును బట్టి అనుమానించి తెచ్చారు. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పొద్దున పాత టూత్ బ్రష్‌తో రుద్దితే ముందు స్టర్మీ ఆర్చర్ అన్న కంపెనీ పేరు, తరవాత ఏడబ్ల్యూ అన్న అక్షరాలు, వాటి దగ్గరే 58, 3 అన్న అంకెలు బయటపడ్డాయి. 1958 మార్చిలో తయారైన మూడు గేర్ల హబ్బు. దానికి 40 రంధ్రాలు. పాత రోడ్‌స్టర్లకు వెనక 40, ముందు 32 పుల్లలే (స్పోకులే) ఉండేవి. ఈ లెక్క తెలియక ఇసామియా బజార్లో 36 రంధ్రాల రిమ్ము ఒకటి కొనేశాం, అది షెడ్డులో ఉంది, అవసరమైనవాళ్లు తీసుకోవచ్చు. 28 అంగుళాల టైర్లు, రాడ్ బ్రేకు రబ్బర్లు మాత్రం అడిగిన వెంటనే ఇచ్చారు. అలాంటి సైకిళ్లు మన దేశంలో ఇంకా తయారవుతున్నాయి కాబట్టి ఈ సామానుకు కరువు లేదు.

పుల్లలు అల్లడం చాచా చెప్తుంటే ఇంటర్ చదివే మన సభ్యురాలు చేసింది. చక్రం వంకర, అదే బెండు, తీయడానికే మూడు ఆదివారాలు పట్టింది. చక్రం తిప్పి, బొటనవేలి గోరు రిమ్ముకు ఆనీ ఆనకుండా పెట్టి, ఎక్కడ తగిలితే అక్కడ పుల్ల పావు చుట్టు బిగించడం, ఎదుటిది అంతే వదలడం. మొదటి వారం ఏడుపు మొహం పెట్టింది, మూడో వారం చాచా ఏమీ అనకుండా లేచి చాయ్ తాగడానికి వెళ్లిపోయారు.

మనం సొంతంగా మార్చింది ఒక్కటే. వెనక 18 పళ్ల చక్రం తీసి 22 పళ్లది వేశాం. మనవరాలు రోజూ బోరబండ ఎత్తు ఎక్కాలి. ఈ హబ్బులో మొదటి గేరు మామూలు కన్నా నాలుగో వంతు తేలిక, మూడోది మూడో వంతు బరువు. 22 పళ్లతో మొదటి గేరు ఇంకా తేలికైంది. తొలిసారి తొక్కినప్పుడు రెండు, మూడు గేర్ల మధ్య పెడలు ఒక్కసారి ఖాళీగా తిరిగి నా గుండె జారింది. యాక్సిల్ లోపలికి వెళ్లే చిన్న గొలుసు కాస్త వదులైతే ఇలా అవుతుంది. రెండో గేరులో పెట్టి, నట్టు పక్క రంధ్రంలోంచి చూస్తే ఆ గొలుసు పుల్ల లావు మారే అంచు యాక్సిల్ చివరతో సమానంగా కనబడాలి. అమ్మాయికి ఇది చూపించి, ఆమె చేతే నాలుగుసార్లు సరిచేయించాకే సైకిల్ అప్పగించాం.

మడ్‌గార్డులు అట్లాస్‌వి, చైన్ కవరు అసన్సోల్‌లో తయారైన సేన్ ర్యాలీది. అన్నిటికీ ఒకే నలుపు కొట్టిద్దామని కొందరన్నారు. అప్పుడే హ్యాండిలును కూడా బాలానగర్‌లో నికెల్ చేయిద్దామన్న మాట వచ్చింది. అమ్మగారిని అడగడానికి హ్యాండిలు తీసుకుని వెళ్లాం. ఎడమ చేతి పిడికి బెత్తెడు ఇవతల నికెల్ మొత్తం అరిగి, ఇనుము నున్నగా తేలిన చోటు ఒకటి ఉంది. అది తుప్పు అనుకున్నాం. ఆమె దాని మీద వేలు పెట్టి, "టిఫిన్ క్యారియర్ ఇక్కడే తగిలించేవారు" అన్నారు. రోజూ ఊగి ఊగి అరిగిన గుర్తు అది. హ్యాండిలు అలాగే వెనక్కి తెచ్చాం. ఫ్రేము విషయంలో ఈ పని ముందే చేసి ఉంటే బంగారు గీతలు మిగిలేవి. అందుకే కమిటీ తీర్మానం చేసింది: ఇకపై ఇచ్చినవాళ్లను కూర్చోబెట్టి అడగకుండా ఏ పాత భాగానికీ రంగు, నికెల్ వేయించకూడదు. మడ్‌గార్డుల మీద అట్లాస్ ముద్ర, చిమ్టా మీద హెర్క్యులిస్ ముద్ర అలాగే ఉన్నాయి.

వచ్చే ఏడాదికి షెడ్డులో నాలుగు ఫ్రేములు వరసలో ఉన్నాయి. చాచాకు కళ్లు మునుపటిలా ఆనడం లేదు. ఆయన పక్కన కూర్చుని చేతిపని నేర్చుకోవడానికి ఇద్దరు కావాలి. ఏడాది పాటు ఆదివారాలు మానకుండా రాగలిగినవాళ్లే పేర్లు ఇవ్వండి. ఆ సైకిలుకు ఇంకా బెల్లు లేదు. కింద భాగం దొరికింది, పైన గిన్నె మూత కావాలి. ఎవరి అటక మీదైనా ఉంటే షెడ్డులో ఇవ్వండి, కాలేజీ తెరిచేలోపు బిగిస్తాం.

మీ కార్యదర్శి