ఎండ రాకముందే నడిచి వస్తున్నాను

విజయవాడ

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఆదివారం ఫోనులో నువ్వు "నడక మానేసి విశ్రాంతి తీసుకో అమ్మా" అన్నప్పుడు వాదన ఇష్టంలేక ఊరుకున్నాను. ఎం.ఎస్. (మల్టిపుల్ స్క్లిరోసిస్) అనే నరాల జబ్బని తేలిన మొదటి రెండేళ్లూ నేను చేసింది అదే కదా. మీ నాన్నగారు మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చేవారు. ఆయన ప్రేమను తప్పుపట్టను గాని, నా కాళ్ల సత్తువలో జబ్బు తిన్నదెంతో, మంచం తిన్నదెంతో ఇప్పటికీ చెప్పలేను.

నీ భయం పోయిన మే నెలనాటిదని తెలుసు. మిట్టమధ్యాహ్నం బజారు నుంచి వచ్చి, కళ్లు మసకబారి, కుడికాలు ఈడ్చుకుంటూ గడపమీదే కూలబడ్డాను. జబ్బు ముదిరిందని నువ్వు ఏడ్చావు. ఆ పూట అంత పని చేసింది ఒంటి వేడి. నరాలమీద ఉండే మైలిన్ పొర ఈ జబ్బులో అక్కడక్కడా దెబ్బతింటుంది. పొర పోయిన నరంలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం తడబడవచ్చు, ఒళ్లు చల్లబడితే మళ్లీ సర్దుకుంటుంది. శ్రమపడ్డాక రోగులకు చూపు మందగించడాన్ని 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు రాసిపెట్టాడు. దానికి కారణం వేడి అని తర్వాతివారు తేల్చారు. అయినా ఎన్నో దశాబ్దాలు వైద్యులు ఈ జబ్బువాళ్లను కదలవద్దనే అన్నారు. 1996లో అమెరికాలోని యూటాలో, వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున, 15 వారాలు వ్యాయామం చేయించి చూస్తే, వాళ్ల దమ్మూ కండబలమూ పెరిగాయి, వైకల్యం మాత్రం పెరగలేదు.

నేను ఐదింటికల్లా తడితువాలు మెడకు చుట్టుకుని బయలుదేరి, రావిచెట్టు దాకా వెళ్లి, దాని అరుగుమీద కాసేపు కూర్చుని, తిరిగి వస్తాను. ఇంట్లో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేస్తాను. ఫిజియోథెరపిస్టు చెప్పిన వాటిలో ఇదే కష్టం, నాకు ఇష్టమైనదీ ఇదే. వారానికి 150 నిమిషాలు కదలమంటారు, నేను 90 దగ్గర ఉన్నాను. ఒళ్లు సహకరించని రోజున మానేస్తాను. జ్వరం వచ్చినా, కొత్త తిమ్మిరో బలహీనతో చల్లబడ్డా తగ్గక రోజంతా ఉన్నా, నడక సంగతి పక్కనపెట్టి డాక్టరుగారికే ఫోను చేస్తాను. ఆ మాట నీకు ఇస్తున్నాను.

చక్రాల కుర్చీ కొంటానన్నావు. అవసరమైన రోజున నేనే అడుగుతాను, అందులో నాకు నామోషీ లేదు. ఇప్పటికి మాత్రం తేలికపాటి బూట్లు పంపు. మొన్న చెప్పులు కుట్టే అతను నా జత తిప్పి చూసి, "కుడిది ముందు అంచు అరిగిందేమిటమ్మా?" అన్నాడు, పాదం సరిగా లేవక బొటనవేలి దగ్గర నేలకు రాసుకుంటోంది. అందుకని ముందుభాగం గట్టిగా ఉన్నవి చూడు. సైజు ఏడు.

ఇట్లు,
అమ్మ