వెనక చక్రాలు పట్టేశాయన్నావు కదా

అమ్మలూ,

నువ్వు ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఆ కారు గురించే ఆలోచిస్తున్నాను. పాత బండి, హ్యాండ్ బ్రేక్ వేసి నెలల తరబడి వానలో వదిలేశారు. వెనక చక్రాలు పట్టేయడంలో వింతేమీ లేదు. ఎవరో చెప్పారని ఇంజిన్ రైజ్ చేసి ముందుకీ వెనక్కీ గుంజకు. ఒక్కోసారి వదులుతుంది, కాదనను. కానీ చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్ములో, దాన్ని లోపల్నుంచి ఒత్తి ఆపే షూ మీది లైనర్ (రాసుకునే పట్టీ) ఊడిపోయి అడ్డం పడిందంటే పని రెట్టింపవుతుంది.

ముందు పట్టేసింది ఏదో తేల్చుకో. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టి, నట్లు కాస్త వదులు చేశాక జాకీ ఎత్తు. జాకీ ఎత్తడానికే. కారు స్టాండ్ల మీద కూర్చున్నాకే చక్రం విప్పు, చెయ్యి లోపల పెట్టు. ఈ ఒక్క విషయంలో నా మాట దాటకు.

హ్యాండ్ బ్రేక్ దించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, కేబుల్ బిగించే నట్టు బాగా వదులు చెయ్యి. చక్రం తిరిగితే తప్పు కేబుల్‌దే. పైతొడుగు పగిలిన చోట నీళ్లు దిగి లోపలి తీగ తుప్పు పట్టి ఉంటుంది. ఆయిల్ పోస్తే నాలుగు రోజులు ఆడుతుంది, మళ్లీ అదే కథ. కొత్తది వేయించు. అప్పటికీ తిరగకపోతే చక్రం వెనక బ్రేక్ ఆయిల్ వదిలే చిన్న మర, నిపుల్ అంటారు, దాన్ని కొద్దిగా తెరువు. నాలుగు చుక్కలు కారి చక్రం వదిలిందంటే ప్రెషర్ వెనక్కి పోవడం లేదన్నమాట. పాత రబ్బరు హోస్ లోపల ఉబ్బితే ఇలాగే చేస్తుంది. రెండూ కాకపోతే డ్రమ్ములోపలే ఎక్కడో తుప్పు పట్టుకుంది.

డ్రమ్ము ఊడదీయడమే అసలు ఓపిక పని. హబ్ మధ్యలో తుప్పు వదిలించే ఆయిల్ కొంచెమే వేసి నాననివ్వు. స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే మర కడ్డీల) మధ్య చదునైన చోట చుట్టూ సుత్తితో తట్టుతూ పో. అంచు మీద కొట్టకు, పోత ఇనుము కదా, పెళ్లలు లేస్తుంది. చాలా డ్రమ్ములకు మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు పెట్టి, ఒకసారి ఇది, ఒకసారి అది, కొంచెం కొంచెంగా తిప్పితే డ్రమ్ము తనంతట తానే బయటికొస్తుంది. కొద్దిగా వచ్చి ఆగిపోతే అరిగిన డ్రమ్ము అంచు షూలకు తగులుతోందని అర్థం. డ్రమ్ము వెనకున్న బ్యాక్ ప్లేట్ రంధ్రంలోంచి, షూల ఎడం సర్దే అడ్జస్టర్ వెనక్కి తిప్పు.

లోపలి నల్ల దుమ్మును ఊదకు, గాలి కూడా కొట్టకు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్క్ పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిచెయ్యి.

ఒక వైపు పూర్తయ్యాకే రెండోది విప్పు. ఏ స్ప్రింగ్ ఎక్కడో అనుమానమొస్తే రెండో వైపు చూసుకోవచ్చు. ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ కాస్త ఎత్తి చూడు. లోపల బాగా తడి కనిపిస్తే సిలిండర్ మార్చాల్సిందే. ఆయిల్ తాగిన షూలను కడిగి వాడకు. షూలు మారిస్తే రెండు వైపులా మార్చాలి. హ్యాండ్ బ్రేక్ తీగ లాగే చిన్న లివర్ షూ మీద సులువుగా కదులుతోందో లేదో వేలితో ఆడించు. చాలాసార్లు దొంగ అదే. దాని ఇరుసుకీ, అడ్జస్టర్ మరకీ, షూలు రాసుకునే చోట్లకీ వేడికి కరగని బ్రేక్ గ్రీజు పల్చగా రాయి. లైనర్‌కి మాత్రం అంటకూడదు.

బిగించేటప్పుడు ముందు షూలు సర్దాలి, కేబుల్ చివర్న. కారు లోపలి హ్యాండ్ బ్రేక్ లివర్ ఎక్కువ పైకొస్తోందని కేబుల్ బిగించేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలా చేస్తే షూలు పూర్తిగా వెనక్కి రావు, ఆటోమేటిక్ అడ్జస్టర్ పనిచేయదు, బ్రేకు రాసుకుంటూనే ఉంటుంది. లివర్ లాగినప్పుడు ఎన్ని క్లిక్కులు ఉండాలో కారు మాన్యువల్‌లో చూడు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సిలిండర్లు లోపల తుప్పు పట్టేది అందుకే. కారు బ్రేక్ ఆయిల్ డబ్బీ మూత మీద రాసి ఉన్న గ్రేడే, సీలు తీయని డబ్బా తెచ్చుకో. డాట్ 3 అయినా డాట్ 4 అయినా 2 ఏళ్లకోసారి మార్చడం మంచిది.

అన్నీ అయ్యాక ఖాళీ చోట నెమ్మదిగా నడిపి బ్రేకు చూడు. ఆ తర్వాత కొంత దూరం తిరిగొచ్చి రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టు, తాకకుండా. ఒకటి మరీ వేడిగా ఉంటే అది ఇంకా రాస్తోంది. ఇకమీదట ఎక్కువ రోజులు కదిలించకుండా ఉంచాల్సి వస్తే, చదును నేల మీద గేరులో పెట్టి దిమ్మలు వెయ్యి, హ్యాండ్ బ్రేక్ వెయ్యకు.

డ్రమ్ములు ఊడదీసి ఫొటోలు పంపు. బ్రేక్ పైపుల్లోంచి ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి కావాలి, ఆదివారం నేనొస్తాను.

నాన్న