క్యాంపస్‌లో ఓటు నమోదు ముగిసింది... ఆ బీఎల్‌ఓ మేడమ్‌కి దణ్ణం

గొంతు పూర్తిగా పోయింది, కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా ఇప్పుడే రాసేస్తున్నా.

పోస్టర్లు అంటించాం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం, క్లాసు క్లాసుకీ తిరిగాం. జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా 18 నిండాయా అని చూసే అర్హత తేదీలేననీ, 17 నిండితే ముందే ఫారం 6 (కొత్త ఓటు దరఖాస్తు) పెట్టుకోవచ్చనీ చెప్తే చాలామంది నమ్మనే లేదు. "మీది ఏ పార్టీ?" అని అడిగినవాళ్ళకైతే లెక్కే లేదు.

అసలు చిక్కు హాస్టల్ వాళ్ళతో వచ్చింది. చిరునామా రుజువు లేదని ఓటరు నమోదు ఆఫీసులో ఫారాలన్నీ తిప్పి పంపారు. హాస్టల్లో ఉండేవాళ్ళ పేరు మీద కరెంటు బిల్లు ఎక్కడుంటుంది? కాలేజీ ఇచ్చే ధ్రువపత్రంతో అక్కడే నమోదు చేసుకోవచ్చని ఎన్నికల సంఘం నిబంధనల్లోనే ఉంది. కౌంటర్లో కూర్చున్నవాళ్ళకే అది తెలియదు. కుర్రాళ్ళు ఓటెయ్యరని తిట్టడానికి మాత్రం అందరూ ముందుంటారు.

అప్పుడొచ్చారు ఆ మేడమ్. అంగన్‌వాడీ టీచర్, పక్క బూత్ బీఎల్‌ఓ, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి. మా హాస్టల్ ఆవిడ కిందికే రాదు. ఎవరో చెప్తే విని, పగలంతా సెంటర్లో పని చూసుకుని సాయంత్రం వచ్చారు. సంచిలోంచి ఆ ధ్రువపత్రం నమూనా జిరాక్స్ తీశారు. ప్రిన్సిపాల్ సంతకం పడాల్సిన చోట పెన్నుతో టిక్కు పెట్టి ఉంది. తర్వాత నా చేతిలోని ఫారాల కట్ట అందుకుని, "నువ్వు కాసేపు కూర్చోమ్మా, పిల్లల్ని నేను పిలుస్తా" అన్నారు.

అప్పటిదాకా కనపడ్డ ప్రతివాళ్ళూ ఎన్ని ఫారాలయ్యాయనే అడిగారు. కూర్చోమన్నవాళ్ళు లేరు. మెట్ల వెనక్కి వెళ్ళి ఏడ్చేశాను.

ఆవిడ ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివారు. తెలుగులో ఇంటిపేరు ఎలా రాయాలో ఒక్కొక్కరి చేత పలికించి మరీ రాయించారు. "శ బదులు స పడితే మళ్ళీ ఫారం 8 పెట్టి దిద్దించుకోవాలి, ఆ తిప్పలెందుకు నాన్నా?" చీకటి పడ్డాక ఫోన్ లైట్ వేసుకుని చూశారు. ఇదంతా ఆవిడ అసలు ఉద్యోగానికి అదనం. పైనుంచి టార్గెట్లు మాత్రం టైముకి వస్తాయి. మేడమ్, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

అమ్మా, నాన్నా, అక్కా, మీకు వేరే చెప్పక్కర్లేదు. మా టీమ్‌కి ఎదురుగానే చెప్తా.

అన్నట్టు, ఆదివారం కూడా గేటు తీసిన వాచ్‌మన్ అన్న! బల్ల, కుర్చీలు ఇచ్చిన లైబ్రరీ సార్. పోస్టర్ బొమ్మ గీసిన ఫస్టియర్ చెల్లి (నీ పేరు పోస్టర్ మీద వెయ్యడం మర్చిపోయారట, వేయిస్తా). ధ్రువపత్రాలన్నిటికీ ఒక్క పూటలో స్టాంపు వేసిచ్చిన కాలేజీ ఆఫీసు అక్క.

ఫారం ఇచ్చినవాళ్ళు రిఫరెన్స్ నంబరుతో స్టేటస్ చూసుకోండి. తేడా ఉంటే నాకు ఫోన్ చెయ్యండి, కానీ ఎల్లుండి. రేపంతా పడుకుంటా.