పదహారో రోజు దాకా ఆగలేక

చిత్తూరు
ఆదివారం, పొద్దున ఆరు

అమ్మణ్ణీ,

ఎట్లున్నావు? మేమంతా బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటానని ఒకటే గోల. అది విరిగిన ఎముకకే గానీ అరిగిన మోకాలికి కాదే అంటే "మీకు అన్నీ తెలుసు" అంటుంది. నల్లోడు పాలపాకెట్ల అబ్బాయిని చూసి అరవడం కూడా మానేశాడు, ముసలోడైపోయాడు. నీ సైకిలుకు నిన్న గాలి కొట్టించాను. ఎందుకని అడగొద్దు.

ఊరికే, రాయాలనిపించి రాస్తున్నా. ప్రత్యేకంగా విషయమేమీ లేదు. వాట్సాప్‌లో ఇంత పొడుగు పెడితే నువ్వు చదవవని మెయిల్ చేస్తున్నా.

సంక్రాంతికి వచ్చినప్పుడు మిద్దె మీద కూర్చుని చెప్పావు కదా, నువ్వు రాసే డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌నూ పరికరాన్నీ మాట్లాడించే ప్రోగ్రామ్‌లో, అవతలి పరికరం పలక్కపోతే వెంటవెంటనే తలుపు బాదకూడదు, ప్రతిసారీ వ్యవధి రెట్టింపు చేసుకుంటూ పోవాలని. నేను అదే పాటించాను చూడు. నువ్వు ఫోన్ ఎత్తని రోజు తర్వాత ఒక రోజు ఆగి చేశాను, ఆ తర్వాత రెండు రోజులు, తర్వాత నాలుగు, తర్వాత ఎనిమిది. మీ అమ్మకు ఈ లెక్కలు పట్టవు, తాలింపు వేసిన ప్రతిసారీ ఒక కాల్ కొడుతుంది. లెక్క ప్రకారమైతే ఇప్పుడు నేను పదహారు రోజులు ఆగాలి. ఆగలేను. మీవాళ్ళు పై పరిమితి అని ఒకటి పెడతారుగా, ఇంతకు మించి రెట్టింపు చేయొద్దని. నాది ఎనిమిదే అనుకో.

నువ్వు అసలు పలకడం లేదని కూడా అననులే. మెసేజీలకు జవాబు వస్తోంది. అన్నం తింటున్నావా అంటే ఓకే. జలుబు తగ్గిందా అంటే ఓకే. వచ్చే నెల మదనపల్లె అత్తోళ్ళింట్లో సీమంతం, ఎన్నో తేదీకి వస్తావు అంటే దానికీ ఓకే. తేదీ అడిగితే ఓకే అంటారా ఎవరైనా? అప్పుడే నాకు డౌటొచ్చింది, ఇది చదివి ఇచ్చిన జవాబు కాదు, డేటా తాత్కాలికంగా దాచే బఫర్‌లో మిగిలిపోయిన పాత జవాబు అని.

సరే, అది వదిలేయ్. మామిడి సీజన్ మొదలైంది. తోతాపురి ట్రాక్టర్లు రోడ్డంతా నిలబడి ఉన్నాయి, మురకంబట్టు దాటాలంటే అరగంట. పాకాల మామ వాళ్ళ పెద్దోడు శనివారం తోట లెక్కలకని వచ్చి మనింట్లోనే భోంచేశాడు. వాడి మాటలకు నేను విలువ ఇవ్వను, లారీ విషయంలో ఏం చేశాడో నీకూ తెలుసు. మజ్జిగన్నం తింటూ ఏదో అన్నాడు. నీ డ్రైవర్ వేసిన మిషన్లు కస్టమర్ దగ్గర బిగుసుకుపోయాయని, తప్పంతా నీదేనని పైవాళ్ళు అన్నారని, పది రోజులుగా నువ్వు ఆఫీసుకే రావడం లేదని. మీ అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. వినలేదనే అనుకుంటున్నా.

నేను నిన్ను ఏమీ అడగడం లేదు. నిజమో కాదో చెప్పమనీ అనడం లేదు. మిషన్ బిగుసుకుపోవడమంటే గుర్తొచ్చింది కాబట్టి మన కాటా కథ చెప్తా, నువ్వు సగమే విన్నావు, మిగతా సగం నేనెప్పుడూ చెప్పలేదు.

1998 జూన్. నువ్వు ఇంకా చేతుల్లోనే ఉన్నావు. ఒక గుజ్జు ఫ్యాక్టరీలో లారీ కాటాకు కంప్యూటర్ కలిపే పని నాకు దొరికింది. కాటా దగ్గర అంకెలు చూపించే డబ్బా, దాన్నుంచి సీరియల్ వైరు, ఆ చివర ఆఫీసు గదిలో కంప్యూటర్, ప్రింటర్. అప్పుడు డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్, వేరే డ్రైవర్ అంటూ ఏమీ లేదు, టర్బో సీ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో నేనే ఆ వైరు తగిలిన పోర్టు 3ఎఫ్8 నుంచి బైట్లు తెచ్చుకునేవాణ్ణి. నీ భాషలో చెప్పాలంటే డ్రైవరు రాసింది నేనే. 9600 బాడ్ వేగం, అక్షరానికి ఏడు బిట్లు, అంటే ఏడు సున్నాలో ఒకట్లో, దానికి సరి పారిటీ, అంటే ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేటట్టు కలిపే తనిఖీ బిట్. వైరు పదిహేను మీటర్లు దాటొద్దని అప్పట్లో అందరూ చెప్పేవాళ్ళు. నాది నలభై మీటర్లు, అది కూడా గుజ్జు తీసే మోటారు స్టార్టర్ పక్కనుంచి. పని చేసింది కాబట్టి నోరు మూసుకున్నా.

పని చేసింది అన్నానా, మోటారు ఆన్ చేసినప్పుడల్లా పారిటీ తప్పు వచ్చేది. 3ఎఫ్‌డి రిజిస్టర్‌లో, అంటే పోర్టు తన స్థితి చూపించే చోట, ఆ తప్పు చెప్పే బిట్ లేస్తుంది కదా, లేచినప్పుడల్లా కంప్యూటర్ కీచుమనేటట్టు పెట్టాను. రోజుకు ఇరవై సార్లు కీచుమనేది. వారం తర్వాత ఓనరు పిలిచి, "ఏంది స్వామీ, రైతులు మన కాటా మీద అనుమానపడతా ఉండారు, ఆ శబ్దం తీసేయ్" అన్నాడు. తీసేశాను. బాకీ డబ్బులు ఇంకా సగం రావాలి, మీ అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి, తీసేశాను. తప్పు వస్తే ఆ చదివింది పారేసి, పాత బరువునే ఉంచి, ఎవరికీ చెప్పకుండా ముందుకు పోయేటట్టు మార్చాను. రెండు లైన్ల మార్పు. ఇదీ నేను నీకు చెప్పని సగం.

పది రోజులు నిశ్శబ్దం. అందరికీ సంతోషం. పదకొండో రోజు బంగారుపాళెం వైపు నుంచి ఒక పెద్దాయన ట్రాక్టర్ తెచ్చాడు. చదువు రాదు గానీ అంకెలు వచ్చు. డబ్బా మీద 7,740 కిలోలు చూసుకున్నాడు, చీటీలో 7,140 వచ్చింది. ఆరు వందల కిలోలు, అమ్మణ్ణీ. ఆఫీసులో వాళ్ళు కంప్యూటర్ అబద్ధం చెప్పదన్నారు. ఆయన ట్రాక్టర్‌ను కాటా మీద నుంచి దించలేదు. వెనక ముప్పై బండ్లు. హారన్లు, అరుపులు, ఎండలో కాయలు మగ్గిపోయే వాసన. నాకు కబురొచ్చేసరికి మధ్యాహ్నం రెండు.

మూడు రోజులు అక్కడే పడున్నా. మొదట అర్థం కాలేదు, పారిటీ ఉండగా తప్పు అంకె ఎట్లా లోపలికొచ్చింది? నాలుగో రోజు తెల్లవారి కాగితం మీద బిట్లు రాసుకుంటే తెలిసింది. ఏడు అంకె 0110111, ఒకటి 0110001. పక్కపక్కన ఉన్న రెండు ఒకట్లు సున్నాలైపోతే ఏడు ఒకటైపోతుంది. పారిటీ ఒక్క బిట్ మారితే పట్టుకుంటుంది, రెండు మారితే దాని లెక్క మళ్ళీ సరిపోతుంది, అంతా బాగుందంటుంది. ఒక్కో బిట్ వంద మైక్రోసెకన్లు, స్టార్టర్ నిప్పురవ్వకు రెండు బిట్లు ఒక లెక్కా. అంటే ఆ ఇరవై కీచులు మోటారు నాకు రోజూ చెప్తున్న మాట. ఈ వైరు బాగాలేదు, ఇవాళ కాకపోతే రేపు నువ్వు పట్టుకోలేని తప్పు వస్తుంది అని. దాని నోరు నేనే మూశాను.

తర్వాత ఆ వైరు తీసి ఆర్ఎస్-485 అనే దూరాలకు పనికొచ్చే పద్ధతి వేశాను, రెండు తీగలు మెలేసిన జత, దానికైతే 1200 మీటర్లు అయినా పర్వాలేదు. ప్రోగ్రామ్‌లో వరుసగా మూడు సార్లు ఒకే బరువు వస్తేనే తీసుకోవాలి, మూడు సెకన్లలో రాకపోతే "బరువు రాలేదు" అని తెర మీద పెద్దగా పడాలి, చీటీ రాకూడదు. ఓనరు మళ్ళీ గొణిగాడు. ఈసారి తీయలేదు. ఆ పెద్దాయనకు తేడా డబ్బు నా చేత్తో నేనే ఇచ్చాను, రెండు కంతుల్లో. ఆయన ఏమీ అనలేదు, ఒక బుట్ట కాయలు ఇంటికి పంపించాడు, అవి తినడానికి నాకు మనసొప్పలేదు, మీ జేజి ఊరగాయ పెట్టేసింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊరికే. ఈమధ్య షాపులో బేరం లేనప్పుడు ఫోన్‌లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) డాక్యుమెంట్లు చదువుతున్నా, కళ్ళద్దాలు మార్చుకోమని డాక్టరు అన్నాడు, నువ్వు కూడా నీవి మార్పించుకో, రెండేళ్ళయింది. నాకు ఒకటి బాగా నచ్చింది. కంప్యూటర్‌కు కార్డులు తగిలించే దారైన పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో తప్పుల్ని మూడు రకాలు చేశారు కదా. మొదటి రకం హార్డ్‌వేరే మళ్ళీ పంపించుకుని సర్దుకుంటుంది, డ్రైవర్ ఏమీ చేయక్కర్లేదు. అయినా లెక్క రాసిపెడతారు చూడు, అదే నా కీచు. ఆ లెక్క పెరుగుతోందంటే కార్డు స్లాట్‌లో సరిగా కూర్చోలేదనో, లైను బాగాలేదనో. నీ డ్రైవర్ లాగ్‌లో, అది రాసుకునే చిట్టాలో, కూడా ఇట్లాంటివి ముందే వచ్చి ఉంటాయి. ఎవరైనా తీసేయమన్నారా? అడగడం లేదులే. లాగ్ నిండిపోతోందంటే నిమిషానికి ఇన్నేనని కట్టడి పెట్టొచ్చు, పూర్తిగా మూయక్కర్లేదు.

ఇంకోటి. బిగుసుకుపోయిందంటే నాకు ముందు తోచేది ఆ ఎదురుచూసే లూపు. పరికరం బిజీగా ఉన్నంతసేపూ తిరుగుతూ ఉండు అని రాసి ఉంటావు. కార్డు ఊడిపోతే, కరెంటు పోతే, దాన్నుంచి ఏది చదివినా అన్నీ ఒకట్లే వస్తాయి కదా, పదహారు అంకెల పద్ధతిలో రాస్తే ఎనిమిది ఎఫ్‌లు. బిజీ బిట్ కూడా ఒకటే! లేని మనిషి బిజీగా ఉన్నాడని ఎదురుచూసినట్టు, ఆ లూపు యుగాంతం దాకా తిరుగుతుంది, పైగా లాక్ పట్టుకుని ఉంటే మిగతావాళ్ళందరినీ ఆపేస్తుంది. చదివింది అన్నీ ఒకట్లయితే ముందు అసలు మనిషి ఉన్నాడా అని చూడు, ఎన్ని మిల్లీసెకన్లకు వదిలేయాలో రాసిపెట్టు. నువ్వు ఇదంతా చేసే ఉంటావు. నాకు చెప్పడం అలవాటు, నీకు అన్నం కలిపేటప్పుడు కూడా ఎక్కాలు అడిగేవాణ్ణి.

టైమౌట్ పెట్టానులే అనుకుని సంబరపడొద్దు కూడా. నువ్వు వదిలేసినంత మాత్రాన అవతలి పరికరం వదిలేసిందని కాదు. నువ్వు బఫర్‌ను తిరిగిచ్చేస్తావు, కెర్నల్ దాన్ని ఇంకెవరికో ఇస్తుంది, అప్పుడు ఆ పరికరం తీరిగ్గా మేలుకొని తన జవాబు తెచ్చి ఆ జాగాలోనే రాసి పోతుంది. ఎవరి డేటానో పాడవుతుంది, ఎక్కడో రెండు గంటల తర్వాత ఇంకేదో పడిపోతుంది, అది నీ తప్పని తేల్చుకోవడానికే వారాలు. అందుకని ముందు డీఎంఏ, అంటే పరికరం నేరుగా మెమరీలో రాయడం, ఆగిందని చూసుకో, తర్వాతే బఫర్ వదులు. రీట్రై కూడా అంతే. బరువు మళ్ళీ చదివితే నష్టం లేదు. చీటీ కొట్టమన్న మాటను మళ్ళీ పంపితే మాత్రం రెండు చీటీలు వస్తాయి, ఎందుకంటే పని జరిగిపోయి జవాబు ఒక్కటే దారిలో పోయి ఉండొచ్చు. ఆ రెండు చీటీల గొడవ కూడా నా మీదకు వచ్చింది, ఇప్పుడొద్దు.

డిస్కుల్లాంటి పరికరాలను కలిపే స్కజీ వాళ్ళ పద్ధతి చూశావా, ఎంత పెద్దమనిషి తరహా. జవాబు రాకపోతే ముందు ఆ ఒక్క కమాండ్‌నే రద్దు చేసి చూస్తారు. కాకపోతే ఆ పరికరాన్ని రీసెట్. తర్వాత అవన్నీ తగిలిన దారి, బస్. తర్వాత ఆ దారిని కంప్యూటర్‌కు కలిపే అడాప్టర్ మొత్తం. అప్పటికీ కాకపోతే పక్కన పెడతారు. మీ అమ్మయితే మొదటి మెట్టులోనే అడాప్టర్ దగ్గరికి పోతుంది, "పదండి బెంగళూరుకు" అంటుంది. నేనే ఆపాను, పిల్ల పనిలో ఉందే అని. పనిలోనే ఉన్నావు కదా?

నిజంగానే తప్పు నీదైతే, నీదేనని రాసి ఇచ్చేయ్. ఏమైందో, ఎక్కడ చూశావో, ఏది ఇంకా తెలియలేదో. తప్పు జరిగినప్పుడు సున్నా తిరిగిచ్చే ఫంక్షన్ మీద నీకెంత కోపమో మిద్దె మీద నువ్వే చెప్పావు, పైవాడు అంతా బాగుందనుకుని ఆ చెత్త డేటాను వాడేసుకుంటాడని అరిచావు, పక్కింటాయన లైటు వేశాడు. అలాంటిదానివి మాకు ఓకే ఓకే అని పంపుతున్నావు. ఈఐఓ, అంటే చదవడం రాయడంలో తప్పు, అని పంపినా నాకు అర్థమవుతుంది. టైమ్డ్ అవుట్ అని పంపు. మళ్ళీ ప్రయత్నించమని పంపు, ప్రయత్నిస్తా. మాకు తెలిసిందల్లా సున్నా ఒక్కటే అయితే మేమేం చేయాలి?

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టా.

మీ అమ్మ ఊరిబిండి రుబ్బింది, రాగిపిండి ఆడించింది, రెండు కిలోలు. నేతి సీసా మూత మీద ప్లాస్టర్ వేశాను, పోయినసారిలాగా బ్యాగంతా కాకుండా. నీ పాత దుప్పటి కూడా అడుగున పెట్టింది, అక్కడ చలి లేదంటే వినలేదు. బుధవారం రాత్రి బస్సుకు ఆర్టీసీ కార్గోలో వేస్తాను, గురువారం పొద్దున నువ్వే కౌంటర్‌కు పోయి తీసుకో, సంతకం కావాలంటారు. నీకు కుదరదంటే ముందే చెప్పు, అదే బస్సుకు నాకు ఒక సీటు కూడా చూసి పెట్టుకున్నా, ఈ మాట మీ అమ్మకు ఇంకా తెలీదు.

ఊరిబిండిలో తడి గరిటె పెట్టొద్దు.

నాన్న