ఉరుము ముందొచ్చిన సీన్

చిన్నా,

నీ డిటెక్టివ్ సీరియల్ స్క్రిప్టు 52 పేజీలూ చదివాను. నాటకం ఆడుతుండగా దర్శకుడి హత్య బాగుంది, హంతకుడూ బాగున్నాడు. అతను పట్టుబడే తీరే బాగాలేదు. 41వ పేజీలో మీ డిటెక్టివ్, ఆ రిటైర్డ్ లెక్కల టీచరమ్మ, సౌండ్ ఆపరేటర్ ల్యాప్‌టాప్ తెరిచి, నాటకం శబ్దాల ట్రాక్ ఎన్ని గంటలకు మొదలైందో చూసి "నువ్వే" అనేస్తుంది. అప్పటిదాకా అనుమానితుల వెంట తిరిగిన ప్రేక్షకుడు ఏమైపోవాలి? ఆ ల్యాప్‌టాప్ అతని కంట పడలేదు కదా. ఇలాంటి సరదా సీరియల్‌కి ఉన్న నియమం ఒక్కటేరా: టీచరమ్మకు తెలిసిందంతా చూసేవాడికీ ముందే తెలిసి ఉండాలి, కానీ తనకు తెలుసన్న సంగతి అతనికి తెలియకూడదు.

ఆ రెండోది సాధించడానికి నవ్వుని మించిన సాధనం లేదు. క్రైమ్ సీరియస్‌గా నడిచే సీరియల్‌లో రచయిత క్లూని చీకట్లోనో, సామాన్ల మధ్యలోనో దాచాలి. నీకా అవసరం లేదు, జోకులో దాచొచ్చు. నవ్వినవాడు ఆ జోకు పని అయిపోయిందనుకుని పక్కన పెట్టేస్తాడు. మళ్లీ వెనక్కి తిరిగి చూడడు.

క్లూ నీ 9వ పేజీలోనే ఉంది, నువ్వే గమనించలేదు. నాటకం రెండో రంగం, వాన సీను. ఉరుము ముందు వస్తుంది, మెరుపు తర్వాత. హాల్లో కూర్చున్న టీచరమ్మ కనుబొమ్మ ముడేస్తుంది, నువ్వేమో క్లోజప్ రాశావు. ఆ క్లోజప్ తీసేయ్. డిటెక్టివ్ మొహం మీదికి కెమెరా వెళ్లిందంటే "ఇది గుర్తుపెట్టుకోండి" అని డప్పు కొట్టినట్టే. దాని బదులు హీరోతో ఒక మాట అనిపించు. ఉరుము పడుతుంది. హీరో గొడుగు పట్టుకుని, ఇంకా రాని మెరుపు కోసం ఆకాశం వైపు చూస్తాడు. తొమ్మిది సెకన్లు. మెరుపు వస్తుంది. "ఈ ఇంట్లో అన్నీ ఇంతే, ముందు అరుపులు, తర్వాత కారణం!" హాలంతా నవ్వుతుంది. టీచరమ్మ కూడా పగలబడి నవ్వాలి. ఆవిడ నవ్విందంటే ప్రేక్షకుడి అనుమానం అక్కడితో చచ్చిపోతుంది.

ఇప్పుడు లెక్క సరిచూసుకో, ఇలాంటి కథల్లో పునాదులు కదిలేది ఇక్కడే. ఆపరేటర్ రిహార్సల్ టైములు పెట్టి శబ్దాలన్నీ ఒకే ట్రాక్‌లో కూర్చాడు: రంగం మొదలైన 3 నిమిషాల 10 సెకన్లకు ఉరుము, 5 నిమిషాల 40 సెకన్లకు ఫోన్ మోత. ట్రాక్ ఆన్ చేసి బూత్ వెనక తలుపులోంచి జారుకున్నాడు. లైట్‌మ్యాన్ అలా కాదు, హీరో నోట మాట విన్నాకే మెరుపు వేస్తాడు. అది 3:07కి రావాలి. ఈలోగా హీరో డైలాగ్ మర్చిపోయి 12 సెకన్లు నీళ్లు నమిలాడు. కాబట్టి మెరుపు 3:19కి వచ్చింది. ఉరుము మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా 3:10కే పడింది. సౌండ్ డెస్క్ దగ్గర మనిషి ఉంటే హీరో తడబడగానే చెయ్యి ఆపేవాడు. ట్రాక్‌కి చెవులు లేవు. నీ కథంతా ఆ ముక్కలోనే ఉంది.

ఫోన్ కూడా అదే 12 సెకన్లు ముందు మోగాలి, హీరో ఇంకా గొడుగు మడవలేక తంటాలు పడుతుండగా. దాన్ని స్టేజి మీద చూపించకు. ఒకే తప్పు రెండుసార్లు ఎదురుగా కనబడితే చూసేవాడు పట్టేస్తాడు. కెమెరా నడవాలో ఉండాలి, హీరోయిన్ చెల్లెలూ మేనేజరూ డబ్బు గురించి పోట్లాడుకుంటుంటారు, స్టేజి నుంచి ఫోన్ మోతా వెంటనే "ఆగు ఆగు, గొడుగు!" అన్న హీరో కేకా సన్నగా వినిపిస్తాయి. చాలు. 8వ నిమిషం దాటాక కాలింగ్ బెల్ మాత్రం సరిగ్గా పడాలి, అప్పటికి ఆపరేటర్ తిరిగొచ్చేశాడు కాబట్టి. ఒక జాగ్రత్త: మధ్యలో హీరో చేత ఒక్క డైలాగ్ కూడా ఎగరగొట్టించకు. ఎగరగొడితే 12 సెకన్ల తేడా మారిపోతుంది, లెక్కలేసే ప్రేక్షకుడు నిన్ను వదలడు. అలాంటివాళ్లు ఇలాంటి సీరియళ్లకే ఎక్కువగా ఉంటారు.

ఇంతవరకూ తేలింది ఒకటే, ఆపరేటర్ సీట్లో లేడని. సిగరెట్టుకి వెళ్లానంటాడు, అయిపోయింది. గైర్హాజరు హత్య కాదు. హత్య ఆ టైములోనే జరిగిందని చూపాలి. నీ డ్రాఫ్టులో ఆ పని డాక్టర్ చేస్తాడు, "9:12కీ 9:15కీ మధ్య" అని. ఏ డాక్టరూ అలా చెప్పడు. చనిపోయాక ఒళ్లు బిగుసుకోవడం మొదలవడానికే సుమారు 2 నుంచి 4 గంటలు పడుతుంది, పూర్తిగా బిగుసుకోవడానికి దాదాపు 12. ఒంటి వేడి తగ్గడం కూడా గది వేడిని బట్టీ, బట్టలను బట్టీ, మనిషి లావును బట్టీ మారుతుంది. శవం దొరికింది ఇంటర్వెల్‌లో, పావుగంట లోపే. డాక్టర్ "ఇంకా వెచ్చగానే ఉంది" అని ఊరుకోవాలి.

టైము చెప్పాల్సింది చచ్చిపోయినాయనే. ఆ దర్శకుడికి నోరు మంచిది కాదని నువ్వే రాశావు. దాన్ని పనిలో పెట్టు. మేకప్ గదిలో స్పీకర్ ఉంటుంది, స్టేజి మీది మాటలన్నీ అందులో వినబడతాయి, స్టాప్‌వాచ్ పట్టుకుని ఆయన ప్రతి తప్పూ నోట్‌బుక్కులో ఎక్కిస్తాడు. హత్య తర్వాత ఇన్‌స్పెక్టర్ అందరి ముందూ ఆ పేజీ చదవడం మంచి కామెడీ సీను: "హీరో, మాట మర్చిపోయాడు, 12 సెకన్లు, మనిషిని మార్చాలి." "హీరోయిన్ ఏడుస్తోందా, తుమ్ముతోందా?" "3:10, ఉరుముకి రైలు టైమైనట్టుంది." ఒక్కొక్కరి మొహం మాడుతుంటే ప్రేక్షకుడు నవ్వుతాడు. ఆ నవ్వు కింద రెండు సంగతులు దాగున్నాయి. 3:10కి ఆయన బతికే ఉన్నాడు. ఫోన్ తప్పు ఎక్కించలేదు కాబట్టి 5:40కి రాసే స్థితిలో లేడు. తుమ్మునే వదలని మనిషి ఫోన్‌ని వదులుతాడా? ఆ రెండున్నర నిమిషాల్లో నటులందరూ స్టేజి మీదున్నారు, లైట్‌మ్యాన్ మెరుపులు వేస్తున్నాడు, ప్రాంప్టర్ హీరోకి మాట అందిస్తున్నాడు, పోట్లాడుకునే ఇద్దరూ కెమెరా ముందే ఉన్నారు. మిగిలింది ఎవరు?

ఉరుము మాట నోట్‌బుక్కులో మూడోది కావాలి, ఆరింట్లో మూడోది. మొదటిదీ చివరిదీ చూసేవాడికి గుర్తుంటాయి.

ఇక ఆఖరి మేకు. "నేనా గదిలో అడుగే పెట్టలేదు" అన్నవాడు పెట్టాడని తేలాలి. దానికి ఆపరేటర్‌కి ఒక చాదస్తం అంటగట్టు. ఎక్కడ మోత వినబడినా చెయ్యి దానంతటది వెళ్లి వాల్యూమ్ తగ్గించేస్తుంది. 3వ పేజీలో క్యాంటీన్ టీవీ, 6వ పేజీలో మేనేజర్ ఫోన్. రెండుసార్లు చాలు, మూడోసారి చేయిస్తే జోకు పలచబడి క్లూ బయటపడుతుంది. శవం దొరికినప్పుడు మేకప్ గది స్పీకర్ మూగగా ఉంటుంది, ఎవరూ దాని మాటెత్తరు. తప్పులు వెతుక్కునే మనిషి స్పీకర్ ఆపుకుని కూర్చోడు కదా. లోపలికి రాగానే అలవాటు కొద్దీ హంతకుడే తిప్పాడు, ఆ మీట మీద అతని వేలిముద్ర ఉంది. ఇంకో లాభం కూడా చూడు: స్పీకర్ ఆగిపోవడం వల్ల హాల్లో నవ్వు అతనికి వినబడలేదు, ఉరుము తేడా అయిందని తెలియనే లేదు. నోట్‌బుక్కుని అక్కడే వదిలేసి ఎందుకు పోయాడని ఎవరైనా అడిగితే జవాబు అదే.

పనికొస్తుందని ఒక పాతదాన్ని గుర్తుచేస్తాను. 1971 సెప్టెంబర్ 15న వచ్చిన అమెరికన్ డిటెక్టివ్ సీరియల్ 'కొలంబో' ఎపిసోడ్ 'మర్డర్ బై ద బుక్'. స్టీవెన్ బాచ్కో రాశాడు, అప్పటికింకా కుర్రాడైన స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీశాడు. అందులో హంతకుడు తన జతరచయిత శవం ఇంటి ముందు పచ్చికలో దొరికిందని పోలీసులకు చెబుతాడు, కానీ ఈలోగా తనకొచ్చిన ఉత్తరాలు విప్పి చూసుకున్నాడు. డిటెక్టివ్ కొలంబోగా వేసిన పీటర్ ఫాక్ ఆ సంగతి ఎత్తినప్పుడు అతని గొంతులో అనుమానం ఉండదు, ఏదో అమాయకుడు అనవసరమైన ప్రశ్న అడిగినట్టుంటుంది. అక్కడ హంతకుడెవరో మనకు మొదటినుంచే తెలుసు కాబట్టి దాచాల్సిన పని లేదు. నీకు ఆ సౌకర్యం లేదు. కానీ ఆ తేలికదనం మాత్రం అరువు తెచ్చుకో. ఆ సీరియల్ సృష్టించిన రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్‌లే 1975లో 'ఎలరీ క్వీన్' అనే ఇంకో డిటెక్టివ్ సీరియల్ చేశారు, అందులో చివరి భాగానికి ముందు డిటెక్టివ్‌గా వేసిన జిమ్ హటన్ కెమెరా వైపు తిరిగి "మీరు కనిపెట్టారా?" అన్నట్టు మనతోనే మాట్లాడతాడు. నువ్వు అది రాయక్కర్లేదు. 37వ పేజీ దగ్గర ఆగి, మీ టీచరమ్మ ఇప్పుడు అలా అడగగలదా అని చూసుకో. అడగలేకపోతే క్లూ ఏదో ఇంకా నీ జేబులోనే ఉన్నట్టు.

ఆవిడకు వెలగడం కూడా ల్యాప్‌టాప్ వల్ల వద్దు. 38వ పేజీలో నిజం వాన పెట్టు. మనవరాలు కిటికీ దగ్గర మెరుపు చూసి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంది. మూడు సెకన్లకు సుమారు కిలోమీటరు దూరమని నేర్పింది ఈవిడే. ఉరుము రాగానే పిల్ల "కిలోమీటర్!" అంటుంది. ఈవిడ చేతిలో కప్పు అక్కడే ఆగిపోతుంది. ఒక్క మాట కూడా పలికించకు, కట్ చేసెయ్.

అందరినీ కూర్చోబెట్టి చెప్పే సీన్ నీకు తొమ్మిది పేజీలైంది. ఐదుకి కుదించు. వరస ఇలా ఉంటే బాగుంటుంది: నోట్‌బుక్, ఉరుము, ఫోన్, స్పీకర్ మీట. ముందు హత్య ఎప్పుడు, తర్వాత ఎవరు లేరు, చివరికి ఎవరు వచ్చారు. ఉరుముతో మొదలుపెడితే రెండో నిమిషానికే హంతకుడు తెలిసిపోతాడు, మిగతాదంతా గాలి తీసిన బెలూనే. హత్యకు కారణం రెండు వాక్యాలు చాలు, టికెట్ డబ్బు మాయం చేస్తూ దొరికాడు, అంతే. ఇలాంటి సీరియళ్లలో కారణం కోసం ఎవరూ కూర్చోరు.

నటుల ఎంపిక నీ చేతిలో ఉండదు గానీ ఒక మాట చెవిన వెయ్యి. అతిథి పాత్రల్లో అందరికంటే పేరున్న నటుణ్ని ఆపరేటర్‌గా వేస్తే నీ 12 సెకన్లూ దండగ. పేరున్నవాణ్ని హీరోగా వెయ్యమను, అనుమానం వెళ్లి అక్కడ వాలుతుంది.

9వ పేజీ ముందు రాసి పంపు. మిగతావి తర్వాత.

అమ్మ